మధ్యలో ఉన్న చిన్న గోడ

ఆ ఆదివారం పొద్దున తాళాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. లాప్‌టాప్‌లో కాస్త చోటు చేసుకోవడం, గుడ్లు ఉడకబెట్టుకోవడం, భార్య తెరమీదికి రాగానే "వచ్చెయ్" అనడం. మూడింట్లోకీ కష్టమైనది చివరిదేనని అతను భయపడ్డాడు. నిజానికి గుడ్లు ఉడకబెట్టడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

అతని అసలు పేరు ఊళ్లో చాలామంది మరిచిపోయారు. బజారు వీధి మలుపులో తాళాల కొట్టు ఉంది కాబట్టి తాళాలాయన. తాళం చెవి పారేసుకున్నవాళ్ళూ, లోపల పెట్టి తలుపు లాగేసుకున్నవాళ్ళూ అతని దగ్గరికే పరిగెత్తుకొస్తారు. మూసిన తలుపు కనబడితే అతని చెయ్యి ఊరుకోదు. చుట్టాలింటికి వెళ్ళినా కాఫీ వచ్చేలోపు వాళ్ళ బీరువా తాళం ఎలాంటిదో చూసి పెదవి విరిచేస్తాడు. సొంత ఇంటి వీధి తలుపుకు మాత్రం తన చేత్తో చేసిన తాళాలే నాలుగు బిగించాడు. వాటిని తియ్యాలంటే దొంగకే కాదు, అతనికీ బోలెడు సేపు పడుతుంది. అందుకని రోజూ పెరటి తలుపులోంచే తిరుగుతాడు.

భార్యది వాతావరణ కేంద్రంలో ఉద్యోగం. గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంత కమ్మిందో చూసి రాసి పంపడం ఆమె పని. ఏడాది క్రితం సముద్రం మధ్యలో ఉన్న దీవికి వేశారు. అక్కడ సెల్‌ఫోన్ పలకదు. కేంద్రం ఇంటర్నెట్ ఉంది, అదీ పొద్దున పూట కాసేపు సొంత పనికి వాడుకోనిస్తారు. అందుకని మొగుడూ పెళ్ళాం ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున్న తినే నాలుగు ముక్కలూ కలిసి తినాలని. ఇక్కడ అతను అద్దాల బీరువాకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఎదురుగా ఆమె కుర్చీ ముందు, బల్లమీద లాప్‌టాప్. అక్కడ ఆమె టీ కప్పుతో కూర్చుంటుంది. పెద్ద కబుర్లేమీ ఉండవు. "గుడ్డు సరిగ్గా ఉడికిందా?" అంటుంది ఆమె. "ఉడికింది," అంటాడు అతను. లాప్‌టాప్ ముందు ఆమె కంచం కూడా పెట్టేవాడు. ఎందుకయ్యా అని అడిగేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు.

ఇంకో సంగతి కూడా ఎవరికీ తెలియదు. ఆ పిలుపులన్నీ అతను రికార్డు చేసి పెట్టుకునేవాడు. మధ్యాహ్నం భోజనానికి ఒకటి, సాయంత్రం టీకి ఒకటి పెట్టుకుని ఎదురుగా కూర్చునేవాడు. ఎప్పటిదో ఆమె "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే ఇప్పుడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని "కొంచెం తగ్గింది" అని జవాబు చెప్పేవాడు. బొమ్మ బిగుసుకుపోయి గొంతు మాత్రమే వినిపించినవి కూడా చెరపలేదు. అన్నిటికన్నా ఎక్కువసార్లు చూసింది ఆమె లేనిది. కెటిల్ కూత పెడితే ఆమె లేచి వెళ్తుంది. తెరమీద ఉత్త కుర్చీ. దూరంగా ఎక్కడో ఆమె కూనిరాగం, మధ్యలో గాలి హోరు. ఇంట్లో ఉన్నప్పుడు కూడా వంటగదిలోంచి సరిగ్గా అలాగే వినిపించేది. కళ్ళు మూసుకుంటే సముద్రం అడ్డమున్నట్టే తోచేది కాదు.

ముందురోజు ఆమె టీ తాగుతూ తాగుతూ, "నాలుగైదు రోజుల్లో గడువైపోతుంది కదా. ఇంకో ఏడాది ఉండమంటున్నారు. రేపు మధ్యాహ్నంలోపు చెప్పాలట. ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

ఉన్నపళంగా వచ్చెయ్ అందామనే ఉంది అతనికి. పైకి మాత్రం మేకపోతు గాంభీర్యం. "నీ ఇష్టం. నాకేం లోటు? హాయిగా ఉన్నాను," అన్నాడు.

ఆమె కదలకుండా చాలాసేపు చూసింది. బొమ్మ బిగుసుకుపోయిందేమో అనుకున్నాడు. అంతలో రెప్ప వేసింది. అప్పుడు తెలిసింది అతనికి, తను ఎంత పిచ్చి మాట అన్నాడో. ఆ రోజంతా నాలుక కరుచుకుంటూనే ఉన్నాడు. రేపు ఏమైనా సరే నోరు తెరిచి "వచ్చెయ్" అనాలి, ఆ మాటకు ఆమె మొహం ఎలా మారుతుందో అది జన్మంతా దాచుకోవాలి అనుకున్నాడు. తీరా పొద్దున్నే లాప్‌టాప్ తెరిస్తే, ఇక చోటు లేదు పొమ్మంది.

ఉన్నవాటిలో ఒకటి చెరిపేస్తే సరిపోయేది. ఏది చెరపాలి? ఒకదాంట్లో ఆమె తుమ్మింది. ఒకదాంట్లో జుట్టు తడిగా ఉంది. అతను అన్నీ చూసి, ఒక్కటీ వదులుకోలేక బావమరిదికి ఫోన్ చేశాడు.

భార్య తమ్ముడు. జిరాక్స్ కొట్టు నడుపుతాడు. కంప్యూటర్ల సంగతి కొంత తెలుసు. మిగతా కొంత ధైర్యం.

"చోటు లేదా? సినిమాలు ఎక్కించావా బావా?"

"ఏవోలేరా. ఏదీ చెరపకుండా చోటు రావాలి. దారుందా?"

"ఎందుకు లేదు! దాంట్లో రికవరీ పార్టిషన్ అని ఒకటి ఉంటుంది. కంపెనీవాడు కొంత భాగం గోడ కట్టేసి, మనకి కనబడకుండా దాచేస్తాడు."

"నా లాప్‌టాప్‌లో నాకు కనబడకుండానా?" అద్దెకిచ్చిన ఇంట్లో ఒక గదికి తాళం వేసుకుపోయే ఇంటాయన గుర్తొచ్చి తాళాలాయన రక్తం ఉడికింది. "దేనికిరా అది?"

"ఎప్పుడైనా పాడైపోతే దాంట్లోంచి మళ్ళీ బాగుచేసుకోవడానికి."

"ఇప్పుడు బాగానే ఉందిగా?"

"అదే కదా నేననేది. బాగున్నదానికి మందెందుకు? తీసి పారెయ్."

కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ "మారు తాళంచెవి జాగ్రత్త సుమండీ, దాంతో పనిపడే రోజు చెప్పి రాదు" అని సుద్దులు చెప్పే మనిషి ఇతనే. ఆ బుద్ధి ఆ పూట ఏ గట్టున గడ్డి మేసిందో!

బావమరిది ఫోన్లో చెబుతుంటే తాళాలాయన లాప్‌టాప్‌లో ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ ఒకటి తెరిచి, ఒక్కొక్క అక్షరం కొట్టాడు. దాచిన భాగం వరసలో అన్నిటికన్నా ముందుంది. మామూలుగా తియ్యబోతే, తియ్యడానికి వీల్లేదు, ఇది కాపలా ఉన్న భాగం అంది. అతని చేతులు మరీ దురదపెట్టాయి. బలవంతంగానైనా తీసెయ్ అనే మాట ఒకటి ఉందని బావమరిది చెప్పాడు. కొట్టాడు. పోయింది.

"వచ్చిందా చోటు?"

"వచ్చింది కానీ కలవట్లేదురా. ఆ ఖాళీకీ నా భాగానికీ మధ్యలో ఇంకేదో అడ్డముంది. చిన్న గోడలాగా."

"ఎంతుంది?"

"చీమంత. మిగతావాటి పక్కన లెక్కలోకే రాదు."

"అంత చిన్నదానితో ఏం పనుంటుంది బావా? కొట్టెయ్. నాకిక్కడ గిరాకీ ఉంది," అని బావమరిది ఫోన్ పెట్టేశాడు.

తాళం విప్పి, లోపలి గింజంత ముక్కను వేలిమీద పెట్టి, "ఇదిగో, ఇది లేకపోతే ఇంత తలుపూ దండగే" అని రోజూ పదిమందికి చూపించే తాళాలాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. బలవంతపు మాట మళ్ళీ కొట్టాడు. గోడ పోయింది. చోటంతా కలిసిపోయింది. అంత చోటు! ఇంకో ఏడాది పొద్దులన్నీ పట్టేంత చోటు. ఆ తలపు రాగానే లెంపలేసుకున్నాడు. ఇంకో ఏడాది ఎందుకు, ఇవాళే వచ్చెయ్యమంటున్నాగా! గుడ్లు దించి, పొయ్యి ఆపి, కంచాలు సర్ది, ఎందుకైనా మంచిదని లాప్‌టాప్ ఒకసారి ఆపి మళ్ళీ వేశాడు.

నల్ల తెర. మీద ఒకటే తెల్ల వాక్యం. మొదలుపెట్టడానికి తనకేమీ దొరకలేదట.

"బావా," అన్నాడు మళ్ళీ ఫోనెత్తిన బావమరిది, విషయమంతా విని, గొంతు తగ్గించి. "ఆ చిన్నదాంట్లోనే ఉంటుంది కాబోలు, అది మొదలవడానికి కావలసిందంతా. అయినా ఏం పర్లేదు. ఇలాంటప్పుడు రికవరీ పార్టిషన్‌లోంచి..."

"దాన్నే కదరా ముందు తీసేయించావు!"

"పట్టుకురా షాపుకి," అన్నాడు బావమరిది.

ఆమె తెరమీదికొచ్చే వేళ అయిపోతోంది. తాళాలాయన లాప్‌టాప్ చంకన పెట్టుకుని పెరటి తలుపులోంచి పరిగెత్తాడు. లాగితే దానంతటదే పడిపోయే తాళం ఆ తలుపుది, పడింది. ఫోన్ బల్లమీదే ఉండిపోయింది. రేడియో పాడుతూనే ఉంది. కంచాలు రెండూ ఎదురెదురుగా చూసుకుంటూ కూర్చున్నాయి.

జిరాక్స్ కొట్టులో గిరాకీ జోరుగా ఉంది. ప్రశ్నపత్రాలు తీయించుకోవడానికి వచ్చిన టీచరమ్మ ఒకావిడ, ఫోటోల కోసం నిలబడ్డ ముసలాయన ఒకడు, వాళ్ళ వెనక ఇంకొందరు. బావమరిది వాళ్ళందర్నీ ఆగమని, లాప్‌టాప్ విప్పి, డిస్కు ఊడదీసి, తీగతో తన కంప్యూటర్‌కు తగిలించాడు. గిరాకీదార్లకు కనబడాలని ఆ కొట్టులో గోడకు పెద్ద తెర ఒకటి ఉంటుంది.

"ఫైళ్ళన్నీ ఉన్నాయి బావా! ప్రాణం లేచొచ్చింది. బాగున్నాయో లేదో ఒకటి చూద్దాం," అని తాళాలాయన ఆపేలోపే దేన్నో నొక్కాడు.

పెద్ద తెరమీద ఉత్త కుర్చీ ప్రత్యక్షమైంది. గాలి హోరు. ఎక్కడో కూనిరాగం.

అందరూ తలెత్తి చూశారు. కుర్చీ కుర్చీలాగే ఉంది. "ఇదేం సినిమా? ఎవరూ రారేం?" అంది టీచరమ్మ.

"వస్తుంది," అన్నాడు తాళాలాయన, అన్నట్టు తనకే తెలియకుండా. "ఇంకాసేపట్లో వస్తుంది. టీ పట్టుకుని."

కొట్టంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది. ఆమె వచ్చింది, టీ పట్టుకుని. కూర్చుని, కప్పు ఊదుకుంటూ, "ఉన్నారా?" అంది. "ఉన్నా," అంది రికార్డులోంచి తాళాలాయన గొంతు. ఫోటోల ముసలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎందుకు తుడుచుకున్నాడో అతన్నెవరూ అడగలేదు.

బావమరిది ఫైళ్ళ వరస కిందికి జరుపుతూ పోయాడు. అవి అయిపోవడం లేదు. "బావా, ఇవన్నీ అక్కవేనా?"

"అందుకే చోటు లేకపోయిందిరా," అన్నాడు తాళాలాయన, చెప్పులకేసి చూసుకుంటూ. నలుగురి ముందూ ఏడుపొచ్చేలా ఉంది.

"నాకు ముందే చెప్పొచ్చుగా! నేను సినిమాలనుకున్నాను," అని గొణుక్కుంటూ బావమరిది ఇక వేళాకోళం మానేసి, తన కంప్యూటర్‌లోంచి దీవికి వీడియో కాల్ కలిపాడు. తాళాలాయన జుట్టు సవరించుకున్నాడు. మాట గొంతులో సిద్ధంగా ఉంది. ఈసారి ఎవరున్నా సరే అనేస్తాడు.

తెరమీదికి ఎవరో మీసాలాయన వచ్చాడు. "ఆవిడ లేరండీ. పడవెక్కేశారు."

"పడవా? ఎందుకు?"

"వాళ్ళాయనకి ఏదో అయిందట. పలకడం లేదట. ఇంటి తలుపు బద్దలుకొడుతున్నారని కబురొచ్చింది. పాపం, ఉన్నపళంగా బయల్దేరారు. మీరెవరండీ?"

"వాళ్ళాయన్ని," అన్నాడు తాళాలాయన.

మీసాలాయన బిగుసుకుపోయాడు. ఇంటర్నెట్ మాత్రం బాగానే పనిచేస్తోంది.

"ఆగండాగండి. మధ్యాహ్నంలోపు ఆవిడ మీ ఆఫీసరుగారికి ఒక సంగతి చెప్పాలి. చెప్పిందా?"

"పొద్దున్న లేస్తూనే వెళ్ళి చెప్పేశారండీ, టీ కూడా తాగకుండా. ఏం చెప్పారో నాకు తెలీదు."

లేస్తూనే చెప్పేసిందంటే ఇక చెప్పేదేముంది? హాయిగా ఉన్నానన్న మొగుణ్ణి నమ్మి, ఇంకో ఏడాదికి ఒప్పేసుకుంది. అంతలో తలుపు సంగతి గుర్తొచ్చి తాళాలాయన ఇంటికి పరిగెత్తాడు.

జరిగింది ఇది. పొద్దున్న భర్త తెరమీదికి రాకపోయేసరికి ఆమెకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఏడాదిలో అలా ఎన్నడూ జరగలేదు. కేంద్రం వైర్‌లెస్‌లో రేవు ఆఫీసును పిలిచింది. రేవు గుమాస్తా పక్క వీధిలో ఉన్న తాళాలాయన పెద్దక్కకు ఫోన్ చేశాడు. పెద్దక్క వెళ్ళి వీధి తలుపు బాదింది, పెరటి తలుపు బాదింది. లోపల రేడియో పాడుతోంది. తమ్ముడికి ఫోన్ చేస్తే అదీ లోపలే మోగుతోంది. తమ్ముడు మాత్రం ఉలకడు పలకడు. తాళం తీయించాలంటే ఊళ్లో పేరున్న తాళాలవాడు ఆ తమ్ముడే. అతని దగ్గర పని నేర్చుకుని వేరే కొట్టు పెట్టుకున్న శిష్యుణ్ణి పిలిచారు. అతను వీధి తలుపు ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నాలుగూ గురువుగారి చేతివే. ఇవి తియ్యగలిగితే నేనీ ఊళ్ళో ఎందుకుంటాను?" అన్నాడు భక్తిగా. పెరటి తలుపుకు ఉన్నది ఒక్క తాళమేనని ఆ గాభరాలో ఎవరికీ తోచక, ఇక ఫైరింజన్‌కు కబురు పెట్టారు. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారే, అది నిజంగానే వచ్చింది. తాళాలకు చీమ కుట్టినట్టైనా లేదు, తలుపే రెండు ముక్కలైంది.

తాళాలాయన వచ్చేసరికి ఇంటి ముందు వీధంతా ఉంది. నాలుగు తాళాలూ చెక్కుచెదరకుండా చెక్క ముక్కకు వేలాడుతున్నాయి. భోజనాల బల్ల దగ్గర పెద్దక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. తమ్ముణ్ణి ప్రాణాలతో చూసి ముందు భోరుమని ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఎవర్రా అది?"

"ఎవరు?"

"రెండో కంచం."

గొడ్డలి పట్టుకున్న ఫైరింజన్ మనిషి వెళ్ళబోతున్నవాడల్లా ఆగాడు.

"మా ఆవిడదక్కా."

"ఆవిడ దీవిలో ఉందిగా?"

"అందుకే," అన్నాడు తాళాలాయన.

పెద్దక్కకు ఆ మాట మింగుడుపడటానికి కాసేపు పట్టింది. పడ్డాక కుర్చీలో కూలబడి, "అయ్యో, నేను రేవుకి ఫోన్ చేసి ఇంకోలా చెప్పేశాన్రా!" అంది.

"ఏం చెప్పావు?"

"మనిషి ఇంట్లో లేడు, కంచాలు మాత్రం రెండున్నాయి అని. పడవకి కూడా చెప్పమన్నాను."

రేవు గుమాస్తా మాటకు మాట అప్పగించే మనిషి. పడవ నడిపేవాడి చెవులు కాస్త మందం. కాబట్టి ఆ కబురు నడిసముద్రంలో కేకలు పెట్టుకుంటూ ఆమెకు చేరి ఉంటుంది. తాళాలాయన తల పట్టుకున్నాడు. ఆమె లేదు, ఆమె గొంతు జిరాక్స్ కొట్టులో వేలాడుతోంది, ఇంటికి తలుపు లేదు, ఇప్పుడు పరువు కూడా లేదు. గూడు కోసం మట్టి తవ్వబోతే ఇల్లు కూలినట్టుంది యవ్వారం.

పొద్దు వాలుతుండగా ఆమె వచ్చింది. చేతిలో సంచీ, గాలికి రేగిన జుట్టు. తలుపు కొట్టడానికి చెయ్యెత్తి, తలుపు లేకపోవడంతో దించింది. లోపల భర్త, ఆడపడుచు, తమ్ముడు ముగ్గురూ నేరం చేసినవాళ్ళలా వరసగా నిలబడ్డారు. ఆమె ముందు భర్తను పైనుంచి కిందికి చూసింది, అన్నీ సరిగ్గా ఉన్నాయా అని. ఆ తరవాత కంచాలు చూసింది.

"అమ్మాయ్, ఆ కబురు నువ్వేం పట్టించుకోకు," అని పెద్దక్క మొదలుపెట్టింది.

"మీరుండండి వదినా," అని ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమిటిదంతా?"

"చోటు కోసం," అన్నాడు తాళాలాయన.

"దేనికి చోటు?"

బావమరిది ఉండబట్టలేక చెప్పేశాడు. "నీకే అక్కా! పొద్దున నువ్వు మాట్లాడినవన్నీ దాచుకుంటున్నాడు. ఏడాదివి. నువ్వు లేని కుర్చీ కూడా ఉంది."

తాళాలాయన నిన్నటినుంచీ కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. ఒకటే మిగిలింది. "వచ్చెయ్," అన్నాడు. "నాకు హాయిగా లేదు. ఒక్కరోజు కూడా లేదు. నువ్వెదురుగా లేకపోతే ముద్ద దిగట్లేదు. నిన్న అబద్ధం చెప్పాను. ఒప్పేసుకున్నావని తెలుసు. అయినా చెబుతున్నాను, వచ్చెయ్."

ఆమె సంచీ కింద పెట్టి, వెళ్ళి తన కుర్చీలో, తన కంచం ముందు కూర్చుంది. పొద్దున్నుంచీ అక్కడే ఉన్న గుడ్డు తీసుకుని, తీరిగ్గా పెంకు ఒలవడం మొదలుపెట్టింది.

"మీ వెనకాల బీరువాకి అద్దాలున్నాయి కదా," అంది. "రోజూ దాంట్లో ఈ కంచం కనబడుతూనే ఉంటుంది. మొదటి రోజునుంచీ చూస్తున్నాను. నిన్న హాయిగా ఉన్నానని మీరంటున్నప్పుడు కూడా కనబడింది. అందుకే పొద్దున్న లేస్తూనే ఆఫీసరుగారికి చెప్పేశాను, ఇంక ఉండనని. మిగిలిన నాలుగు రోజులూ సెలవు పెట్టి వచ్చాను."

తాళాలాయన నోరు తెరుచుకుని వెనక్కి తిరిగి బీరువాను చూశాడు. అద్దంలో ఆమె, ఆమె ముందు కంచం. ఇంతకాలం వీపు పెట్టి కూర్చున్నాడే తప్ప ఒక్కసారైనా అటు తిరగలేదు.

"మరి నన్నెందుకు అడిగావు?"

"మీ నోటితో వినాలని."

"రెండు కంచాల కబురు పడవలో..."

"అది వినే కదా, కంచాలు ఎప్పట్లాగే పెట్టి బయటికెళ్ళారంటే మీకేం కాలేదని గుండె కుదుటపడింది. అందాకా నా ప్రాణాలు నా దగ్గర లేవు." గుడ్డు మీద ఉప్పు చల్లుకుని, విరిగిన తలుపు వైపు చూసింది. "ఆ ముక్కేదో నిన్ననే అని ఉంటే, తలుపైనా మిగిలేది."

మర్నాడు పొద్దున బావమరిది ఎవర్నో పట్టుకుని, ఏదో పెన్‌డ్రైవ్ సంపాదించి, ఆ చిన్న గోడను మళ్ళీ కట్టించి, లాప్‌టాప్‌కు ప్రాణం పోసి పట్టుకొచ్చాడు. తలుపు తట్టే శ్రమ లేదు కాబట్టి నేరుగా బల్ల దగ్గరికే వచ్చి, "చూడు బావా, పాతవి ఒక్కటీ పోలేదు. పైగా ఎంత చోటో!" అన్నాడు.

ఎదురు కుర్చీలో ఆమె, గుడ్డు సరిగ్గా ఉడకలేదంటోంది. అంత చోటు సంపాదించాక, అందులో పెట్టుకోవడానికి తాళాలాయన దగ్గర ఏమీ లేకుండా పోయింది.